ఆ కొద్ది గొఱ్ఱెలు

ధ్యాన భాగము: 1 సమూయేలు 17:20–40



మన పల్లెలలో ఐ.టి.ఐ. గాని, నర్సింగు గాని, డిగ్రీ గాని ముగించిన పిల్లలు ఉద్యోగము వెదకుటకు బయలుదేరునప్పుడు మొట్టమొదట వెళ్లు చోటు మండల కేంద్రములోని జిరాక్సు అంగడి. అక్కడ కంప్యూటరు ముందు కూర్చున్నవాని యొద్ద ఒక బయోడేటా ఎప్పుడును సిద్ధముగా నుండును. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మార్కులు మార్చి ఇచ్చును. తక్కినదంతయు మరెవరిదో. అలవాట్లు అనుచోట క్రికెట్టు ఆడుట, పుస్తకములు చదువుట అని ఉండును. ఈ పిల్లవాడు బ్యాటు పట్టి ఎరుగడు, పాఠ్యపుస్తకము తప్ప మరియొకటి తెరచి ఎరుగడు. చదువు ముగించిన దినములలో దీనివలన పెద్ద నష్టము లేదు. వ్రాయుటకు ఏమియు లేనివాడు ఖాళీని నింపుకొనుచున్నాడు, అంతే.

అయితే ఒక సంవత్సరమో రెండు సంవత్సరములో ఎక్కడనైనను పని చేసిన తరువాత అదే కాగితము పట్టుకొని వాడు మరల ఆ అంగడికి వచ్చును. ఇప్పుడు తన్నుగూర్చి చెప్పుటకు వానికి నిజముగా ఒక సంగతి కలదు. దానిని ఎట్లు వ్రాయవలెను? పట్టణములో దీనిని రెజ్యూమె అప్‌డేట్ చేయుట అందురు. ఇది అంగడివాని పని గాని సంఘపు పత్రికలో వ్రాయదగిన సంగతియా అని కొందరు అడుగవచ్చును. మనుష్యుడు తన్నుగూర్చి తానే సాక్ష్యము పలుకు చోటు ఏదైనను అది తొమ్మిదవ ఆజ్ఞ పొలిమేరలోనిదే అని మేము తలంచుచున్నాము. పైగా మన దేశములో ఆ కాగితము అడుగున ఒక వాడుక కలదు. పైన వ్రాసినదంతయు నాకు తెలిసినంతవరకు సత్యమని ఒక వాక్యము, దాని క్రింద స్థలము, తేదీ, సంతకము. పిల్లలు దానిని చదువకయే సంతకము చేయుదురు. అది ప్రమాణము వంటిదని వారికి ఎవరును చెప్పలేదు.

ఈ విషయమై మన సంఘములలో రెండు తలంపులు వినబడుచున్నవి. భక్తిగల పెద్దలు కొందరు, క్రైస్తవుడు తన్నుతాను పొగడుకొనరాదు, సామెతల గ్రంథము 27వ అధ్యాయము ఆలాగే బోధించుచున్నది గదా, కాబట్టి తగ్గించి వ్రాయుటయే మేలు అందురు. పట్టణము చూచివచ్చిన అన్నలు కొందరు, ఈ కాలములో ఉన్నది ఉన్నట్లు వ్రాయువానికి పని దొరకదు, ఒకటికి రెండు వ్రాయుము అందురు. సత్యమునకును అబద్ధమునకును నడుమనున్న గట్టును మొదటివారు చూడలేదు. రెండవవారు చూచియు దాటుచున్నారు.

దావీదు సౌలు ఎదుట నిలిచిన దినమును జ్ఞాపకము చేసికొనుడి. సండే స్కూలులో మనము ఈ అధ్యాయమును వడిసెల కొరకును రాయి కొరకును చదివితిమి గాని, అంతకు ముందు జరిగిన సంభాషణను అంతగా గమనింపలేదు. నీవు పిల్లవాడవు, అతడు చిన్ననాటినుండి యుద్ధము చేసినవాడు అను భావముతో సౌలు మాటలాడెను. నీకు అనుభవము లేదు పొమ్మని నేటి సంస్థలు చెప్పు మాటయే అది. అందుకు దావీదు ఇచ్చిన జవాబు ఏమి? సమూయేలు తన తలమీద తైలము పోసిన సంగతి ఎత్తలేదు. తండ్రి పేరు చెప్పి సిఫారసు అడుగలేదు. తన తండ్రి మందను కాయుచుండగా ఒక సింహమును ఒక ఎలుగుబంటియు వచ్చి గొఱ్ఱెపిల్లను ఎత్తికొనిపోయినప్పుడు తాను ఏమి చేసెనో అదియే చెప్పెను. వెంటబడెను, నోటినుండి పిల్లను విడిపించెను, అది తనమీదికి తిరుగగా పట్టుకొని చంపెను. ఎక్కడ పని చేసెను, ఏ అపాయము వచ్చెను, తన చేతులతో ఏమి చేసెను, గొఱ్ఱెపిల్ల ఏమాయెను — అన్నియు ఉన్నవి. బిరుదు ఒక్కటియు లేదు. మంద నిర్వహణలో ఆరితేరినవాడనని అతడు చెప్పుకొనలేదు. చివర, ఆ మృగములనుండి తన్ను రక్షించినవాడు యెహోవాయే అని ఒప్పుకొనెను.

ఇందులో మరియొక చిన్న సంగతి కలదు. దావీదు అప్పటికే సౌలు ఇంట సితారా వాయించినవాడు. 16వ అధ్యాయములో ఒక పనివాడు వాని వాద్యమును మెచ్చుకొనుటయు ఉన్నది. అయినను గొల్యాతు ఎదుట నిలుచు పనికి సితారాతో ప్రయోజనము లేదు గనుక ఆ మాట ఎత్తలేదు. కాబట్టి ఏ పనికి పోవుచున్నామో దానికి తగిన అనుభవమును పైన వ్రాయుట, అక్కరలేనిదానిని తీసివేయుట, పదియవ తరగతి మార్కులను క్రిందికి దింపుట, ఆడని క్రికెట్టును కొట్టివేయుట, ఇవేవియు మోసము కావు. ఎంచుకొనుట వేరు, కల్పించుట వేరు. మన పిల్లలలో మనస్సాక్షి సున్నితమైనవారు కొందరు ఈ రెంటిని ఒకటిగా ఎంచి వృథాగా బాధపడుచున్నారు గనుక దీనిని చెప్పుచున్నాము.

అదే మందను గూర్చి అదే దినమున వాని పెద్దన్న ఏలీయాబు ఎట్లు మాటలాడెనో 28వ వచనములో చూడుడి. అడవిలో ఉన్న ఆ కొద్ది గొఱ్ఱెలను ఎవరిమీద విడిచి వచ్చితివని దెప్పెను. పని ఒక్కటే. అన్న నోట అది లెక్కలోనికి రానిది. తమ్ముని నోట అది దేవుడు తనకు తోడుగా నిలిచిన స్థలము. మరియు 20వ వచనమును విడువకుడి. దావీదు ఉదయముననే లేచి మందను మరియొక కాపరికి అప్పగించియే బయలుదేరెను. అన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధమైయున్నది. విడిచిపోవు పనిని మరియొకని చేతికి ఒప్పగించి పోవుట చిన్న సంగతి కాదు; నేటి సంస్థలు రిలీవింగ్ లెటర్ అని అడుగునది దానికి సాక్ష్యమే.

మన పిల్లలు అనేకులు తమ మొదటి పనిని ఏలీయాబు కన్నులతోనే చూచుకొనుచున్నారు. పెట్రోలు బంకులో సంవత్సరమున్నర నిలిచినవాడు ఆ మాటను కాగితముమీదికి రానియ్యడు. డిగ్రీ చదివి బంకులో పని చేసితినని వ్రాసికొందునా అని సిగ్గుపడును. అయితే ఆ సంవత్సరమున్నరలో ప్రతి షిఫ్టు చివర పంపు మీటరు అంకె చూచి, అమ్మిన లీటర్లకును చేతిలోని సొమ్మునకును లెక్క సరిచూచి అప్పగించినది వాడే. ఫోను ద్వారా వచ్చినది వేరు, నోట్లుగా వచ్చినది వేరు వ్రాసెను. తక్కువ పడిన దినమున తన జేబునుండి పెట్టెను. లెక్కల పని కొరకు దరఖాస్తు పెట్టువాడు దీనినే దాచినయెడల ఇక చూపుటకు వాని యొద్ద ఏమున్నది? రొయ్యల చెరువు యొద్ద మేత లెక్క వ్రాసినవాడును, చీరల దుకాణములో బేళ్లు విప్పి ధర చీటీలు అంటించిన అమ్మాయియు ఇట్లే దాచుచున్నారు. దీనిని వినయమని పిలువలేము. యాకోబు లాబానుకు చెప్పిన లెక్క ఆదికాండము 31వ అధ్యాయములో ఉన్నది. మొత్తము ఇరువది సంవత్సరములు. కుమార్తెల కొరకు పదునాలుగు, మంద కొరకు ఆరు. పగలు ఎండ, రాత్రి మంచు. మృగములు చీల్చినదాని నష్టము తానే భరించెను. అందులో గర్వము మాకు కనబడలేదు, లెక్క కనబడినది.

ఇక పెంచి వ్రాయువారి మాట. సౌలు దావీదుకు తన కవచము తొడిగించి శిరస్త్రాణము పెట్టెను. దావీదు నడువజూచి, ఇవి తనకు వాడుకలేనివని చెప్పి తీసివేసెను. అవి రాజుగారి ఆయుధములు. తొడుగుకొని నిలిచినంతసేపు చూచువారికి యోధునివలెనే కనబడును. కనబడుటతో పని తీరదని ఆ పిల్లవానికి తెలిసియుండెను.

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని రెండేండ్లు నేర్చుకొని, పిమ్మట ఒక సంవత్సరము అప్రెంటిసుగా 33/11 కె.వి. సబ్‌స్టేషనులో ఉన్న యువకుని ఒకని తలంచుకొనుడి. 1961 నాటి అప్రెంటిసుల చట్టము వానిని శిక్షణ పొందువానిగానే ఎంచుచున్నది. వానికి ముట్టునది స్టైపెండు. ఆ సంవత్సరములో వాడు మీటరు రీడింగులు వ్రాసెను. లైన్‌మన్ వెంట వెళ్లి స్తంభము క్రింద నిలిచి సామాను అందించెను. ఎల్.సి. ఎట్లు తీసికొందురో, పని ముగిసిన తరువాత ఎట్లు తిరిగి ఇచ్చుదురో చూచెను. ఇదంతయు వ్రాయదగినదే, వ్రాయవలసినదే. అయితే అంగడివాడు, "11 కె.వి. లైనులమీద రెండేండ్లు స్వయముగా పని చేసినట్లు వేసెదను, కాంట్రాక్టరులు అట్టివారినే తీసికొందురు" అనును. ఒక పంక్తియే గదా అని వీడు సరే అనును.

కాంట్రాక్టరు ఆ పంక్తిని నమ్మి తీసికొనును. గాలివానకు తీగె తెగిన రాత్రి అదే పంక్తిని నమ్మి వానిని స్తంభమెక్కుమనును. లైను ఆపిరని చెప్పిన మాట విని తీగె ముట్టరాదు. ముందు టెస్టరుతో చూడవలెను, పని చేయు చోటికి ఇరుప్రక్కల ఎర్తింగు వేయవలెను, ఎవరి ఇంటి జనరేటరు నుండియైనను వెనుకకు కరెంటు వచ్చునేమో తలంచుకొనవలెను. చేసి నేర్చినవాని చేతులు చీకటిలో కూడ ఈ క్రమమును తప్పవు. క్రింద నిలిచి చూచినవానికి ఆ క్రమము నోటికి వచ్చును గాని వానలో, పైనుండి తొందరపెట్టు కేకల మధ్య, చేతికి రాదు. అటువంటి రాత్రి మరునాడు పత్రికలో వచ్చు నాలుగు పంక్తులను మనము చదువుచునే యున్నాము. నర్సింగు ముగించి ఆరు నెలలు సామాన్య వార్డులో ఉన్న అమ్మాయి ఐ.సి.యు.లో ఒక సంవత్సరమని వ్రాసినయెడల, వెంటిలేటరు అలారము మ్రోగిన గడియలో మంచముమీద ఉన్నది ఆమె కాదు, మరియొకరి తండ్రి.

ఇంకను సాహసించి, పని చేయని సంస్థ పేరుతో సొమ్మిచ్చి అనుభవ పత్రము కొనువారును కలరు. యెహోషువ గ్రంథము 9వ అధ్యాయములో గిబియోనీయులు చేసినది ఇదే. పాత గోనెలు, అతుకులు వేసిన చెప్పులు, ఎండిన రొట్టెలు తెచ్చి, బయలుదేరిన దినమున ఈ రొట్టెలు వేడిగా ఉండెనని నమ్మించిరి. చేయని ప్రయాణమునకు సిద్ధపరచిన సాక్ష్యములు అవి. మూడు దినములకు సంగతి బయటపడెను. వారి ప్రాణములు దక్కెను గాని, కట్టెలు కొట్టుటకును నీళ్లు చేదుటకును నియమింపబడిరి. వారు భయముచేత చేసిరి గనుక మేము వారిని కఠినముగా నిందింపము. ఈనాటి మన పిల్లలును అనేకులు దురాశచేత గాక భయముచేతనే చేయుచున్నారు.

నేడు మూడు దినములైనను పట్టదు. ఇరువదిమంది గాని అంతకెక్కువ గాని పనివారున్న సంస్థలకు భవిష్య నిధి చట్టము వర్తించును. 2014 నుండి చందాదారునికి ఒకే నంబరు ఇయ్యబడుచున్నది. ఏ సంస్థలో ఏ తేదీన చేరెను, ఏ తేదీన విడిచెను అను వివరము ఆ నంబరు క్రింద చేరుచుండును. పెద్ద సంస్థలు దానినే అడిగి చూచుచున్నవి. అయితే పట్టుబడుదుమను భయముచేత సత్యము పలుకుడని బోధించుట మా ఉద్దేశము కాదు. మేము చూచుచున్న కీడు మరియొకటి. ఈ కాగితమును ఒక్కసారి వ్రాసి విడువము. రెండేండ్లకొకసారి పాతదానిమీదనే క్రొత్తది వ్రాయుదుము. ఈ ఏడు ఆరు నెలలను సంవత్సరముగా చేసినవాడు వచ్చే ఏడు ఆ సంవత్సరమును విడువలేడు. దానికి తగిన హోదా, దానికి తగిన జీతము కల్పింపవలెను. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి 2009 జనవరి 7వ తేదీన వ్రాసిన లేఖలో, లెక్కల పుస్తకములలో మొదట చిన్నదిగా ఉన్న తేడా ఏటేటా పెరిగి మోయలేనంతది ఆయెనని ఒప్పుకొనెను. 2015లో న్యాయస్థానము ఆయనకు శిక్ష విధించెను. వేల కోట్ల సంగతికిని మన పిల్లవాని ఆరు నెలలకును పోలిక ఏమి అందురేమో. పెరుగు విధము ఒక్కటే.

మరియొక చిక్కు. ఐదుగురు కలిసి చేసిన పనిని ఒకడు నేను చేసితినని వ్రాయవచ్చునా? ఇంగ్లీషులో వ్రాయు ఈ కాగితములలో "నిర్వహించితిని", "నడిపించితిని" అను అర్థమిచ్చు మాటలు వాడుమని అందరును సలహా చెప్పుదురు. పౌలు కొరింథు సంఘమును గూర్చి వ్రాసినప్పుడు (1 కొరింథీయులకు 3వ అధ్యాయము) నాటినవాడను నేను, నీరు పోసినవాడు అపొల్లో, పెరుగుదల దేవునిది అని పాలు పంచెను. తాను నాటినదానిని దాచలేదు, అపొల్లో పోసిన నీటిని తనదిగా చెప్పుకొనలేదు. ముగ్గురి పేర్లు ఒక్క వచనములో ఇమిడెను. "నలుగురితో కూడ పని చేసితిని, అందులో సరుకు లెక్క నా పాలు" అని వ్రాయుటకు ఒక్క పంక్తి చాలును. చదివిన అధికారికిని ఆ పంక్తియే ఎక్కువ తెలుపును.

మొదటి ఉద్యోగమునకే రెండేండ్ల అనుభవము అడుగుచున్నారు, అందరును పెంచి వ్రాయుచున్నారు, సత్యము వ్రాసిన మా పిల్లలు ఇంట కూర్చుండవలెనా అని తలిదండ్రులు అడుగుచున్నారు. ఇది న్యాయమైన ఫిర్యాదే. పని ఇయ్యక అనుభవము ఎక్కడనుండి వచ్చునని సంస్థలను అడుగవలసినదే. సత్యము వ్రాసినవానికి తప్పక పని దొరకునని మేము మాట ఇయ్యలేము, వాక్యమును అట్లు మాట ఇయ్యలేదు. యోసేపు చెరసాలలో పానదాయకునికి తన సంగతి ఉన్నది ఉన్నట్లు చెప్పుకొనెను. వాడు మరచిపోయెను. రెండు సంవత్సరములు గడచెను. ఆ రెండు సంవత్సరములు యోసేపుకు ఎంత దీర్ఘమైనవో, ఇంట కూర్చున్న కుమారుని ముఖము చూచు తండ్రికి తెలియును. అయినను ఒక్క మాట ఆలోచింపుడి. ఖాళీ ఒకటి, దరఖాస్తులు వంద. లేని రెండేండ్లు వ్రాసినవాడు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు, ఉన్న ఎనిమిది నెలలే వ్రాసిన మరియొకడు బస్సెక్కి ఇంటికి పోవుచున్నాడు. వాడును ఎవరో ఒకరి కుమారుడే. ఒకవేళ ప్రక్క ఊరి సంఘములో మన పిల్లలతో కలిసి కీర్తనలు పాడినవాడే.

ఈ అబద్ధము జిరాక్సు అంగడిలో పుట్టుచున్నదా అని మాకు సందేహము కలదు. హెల్పరుగా చేరిన కుమారుని సూపర్‌వైజరని చర్చి మెట్లమీద చెప్పినది ఎవరు? పండుగకు ఇంటికి వచ్చిన పిల్లవానిని, ఏమి నేర్చుకొంటివని అడుగక, జీతమెంత అని మొదట అడుగువారము మనమే గదా. పెండ్లి సంబంధములకు పంపు కాగితమును కూడ బయోడేటా అనియే పిలుచుచున్నాము. అందులో పెంచిన జీతమును పెండ్లి తరువాత మొదటి నెలలోనే కోడలు కనుగొనుచున్నది. ఇంట పెంచి చెప్పిన మాటకు సరిపోవునట్లు కాగితము పెంచుకొనుచున్న పిల్లలను మాత్రమే మందలించుట న్యాయము కాదు.

మొదటి పనిని నాలుగు నెలలకే విడిచివచ్చినవారి సంగతియు చెప్పవలెను. ఒంటి బలము చాలక గాని, అవమానము సహింపలేక గాని, ఊరిమీద బెంగచేత గాని వచ్చిరి. ఆ నాలుగు నెలలను ఏమి చేయవలెను? నాలుగు నెలలు అని వ్రాయవలెను. మార్కు అనబడిన యోహాను పంఫూలియలో పౌలును విడిచి ఇంటికి తిరిగిపోయెను. ఆ సంగతి అపొస్తలుల కార్యములలో దాపరికము లేక వ్రాయబడినది. అతని నిమిత్తము పౌలును బర్నబాయు వేరైపోవునంత వాదము పుట్టెను. బర్నబా మాత్రము వానిని వెంటబెట్టుకొని కుప్రకు పోయెను. అనేక సంవత్సరముల తరువాత తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో అదే పౌలు, మార్కును తోడుకొని రమ్మనియు, అతడు తనకు పనికివచ్చువాడనియు తెలిపెను. పంఫూలియను ఎవరును కొట్టివేయలేదు. దాని క్రింద మరియొక పంక్తి చేరినది. మన సంఘములలో చిన్న కర్మాగారములు, దుకాణములు నడుపు సహోదరులు కలరు. నాలుగు నెలలని నిజము వ్రాసి తెచ్చినవానిని ఆ ఒక్క మాటనుబట్టి త్రోసివేయక బర్నబావలె నిలువవలెనని వారిని బ్రతిమాలుచున్నాము.

ఆ కాగితము ఇంగ్లీషులో ఉండును గనుక ఇంటివారికి అర్థము కాదు. ప్రియ యౌవనులారా, అంగడికి పంపక ముందు ఒక ఆదివారము భోజనమైన తరువాత దానిని తెలుగులో చదివి మీ తల్లికి వినిపింపుడి. పెద్ద మాట వచ్చినచోట, అంటే ఏమి చేసితివిరా అని ఆమె అడుగును. అప్పుడు మీ నోట వచ్చు జవాబును అక్కడ వ్రాసికొనుడి. నడవడి పత్రము కొరకు మీరు వచ్చినప్పుడు సంఘ కాపరులును ఆ ప్రశ్నయే అడుగవలెను. ముద్ర బల్లమీదనే ఉన్నది గదా అని వెంటనే వేయక, పది నిమిషములు కూర్చుండబెట్టి, ఏ నెలలో చేరితివి, ఏ నెలలో విడిచితివి, నీ చేతికి ఏ పని అప్పగించిరి, నీవు వచ్చునప్పుడు దానిని ఎవరికి అప్పగించితివి అని అడిగి, విన్నంతమట్టుకే వ్రాసి సంతకము చేయవలెను.